తీసుకునే చేతికి అన్ని కట్లు, పంచే చేతికి ఇన్నేనా

మా మేనల్లుడికి ఈమధ్యే కాకినాడలో ఓ ప్రైవేట్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం పడగానే స్లిప్పు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు, "మావయ్యా, ఇన్‌కమ్ ట్యాక్స్ పడేంత జీతం కాదు కదా నాది, మరి ఈ పీటీ అని 200 కోశారేంటి" అని. వృత్తి పన్నురా, మన రాష్ట్రంలో జీతం 20 వేలు దాటితే నెలకి 200 అని చెప్పా. ఊరుకున్నాడా, "200 ఎందుకు, 500 వేసుకోవచ్చుగా, ప్రభుత్వానికి డబ్బులు కావాలి కదా" అన్నాడు. మంచి ప్రశ్న. ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేసి రిటైరైపోయిన వాళ్ళు కూడా చాలామంది ఇది అడిగి ఉండరు.

200 చొప్పున 12 నెలలు, 2400. రాజ్యాంగంలో ఆర్టికల్ 276 అని ఒకటుంది, ఏ మనిషి దగ్గరా ఏడాదికి 2500 మించి వృత్తి పన్ను తీసుకోకూడదని అందులో అంకె వేసి మరీ రాశారు. 1950లో ఆ అంకె 250, 1988లో 60వ సవరణ చేసి 2500 చేశారు, అప్పట్నుంచి కదల్లేదు. మహారాష్ట్రలో అయితే పదకొండు నెలలు 200, ఫిబ్రవరి ఒక్క నెల 300 కోస్తారు, అంటే లెక్క సరిగ్గా 2500 దగ్గరికి తెచ్చి ఆపుతారన్నమాట, పుణేలో ఉండే మా తోడల్లుడి స్లిప్పు చూసేదాకా నేనూ నమ్మలేదు. అసెంబ్లీలో ఎంత మెజారిటీ ఉన్నా, ముఖ్యమంత్రి ఎవరైనా, 2501 తీసుకోవాలంటే ముందు పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించాల్సిందే.

ఇక్కడ మొదలుపెట్టి వాడికి ఫోన్లో గంటసేపు చెప్పిందే ఇంకొంచెం కుదురుగా రాస్తున్నా. ఎందుకంటే మన వైపు ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా ఈ వాదన ఉంటుంది, ఒకాయనేమో "మా పన్నులు పిండి పథకాలకి పంచుతున్నారండి, ఇది అసలు రాజ్యాంగ విరుద్ధం" అంటారు, పక్కాయనేమో "గవర్నమెంటు తలుచుకుంటే ఏమైనా చేస్తదండి, అడిగేవాడెవడు" అంటారు. నేను చదివి అర్థం చేసుకున్నంతలో ఇద్దరి మాటా సరి కాదు. పన్ను తీసుకునే చేతికి రాజ్యాంగం చాలా గట్టి కట్లు కట్టింది. ఆ డబ్బు ఖర్చు పెట్టే, పంచే చేతికి మాత్రం బాగా వదులుగా కట్టింది. అది పొరపాటున జరిగింది కాదు, కావాలనే అలా వదిలారు, ఎందుకో కిందకి వెళ్ళేకొద్దీ తెలుస్తుంది.

మొదటి కట్టు ఆర్టికల్ 265. ఒకే ఒక్క వాక్యం. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఏ పన్నూ వెయ్యకూడదు, వసూలూ చెయ్యకూడదు, అంతే. చట్టం అంటే చట్టసభ పాస్ చేసింది. ఉత్త జీవో సరిపోదు, కలెక్టర్ గారి సర్క్యులర్ సరిపోదు, పంచాయతీ తీర్మానం కూడా దాని వెనక చట్టంలో ఒక సెక్షన్ ఉంటేనే చెల్లుతుంది. కొన్నేళ్ళ క్రితం మేం డాబా మీద గది వేసుకుందామని ప్లాను పెట్టాం, ఫీజులన్నీ కట్టేశాక ఒక ఆఫీసులో ఇంకో మూడు వేలు "అభివృద్ధి కింద" కట్టాలన్నారు. ఏ సెక్షన్ కిందండి, రసీదు మీద ఆ నంబరు రాసివ్వండి కట్టేస్తాను అన్నా. గొడవేం పడలేదు, మర్యాదగానే అడిగా. రెండుసార్లు తిప్పారు, మూడోసారి వెళ్తే ఆ మాట ఎత్తకుండానే ప్లాను చేతికిచ్చారు. అది నా గొప్ప కాదు, ఆ ఒక్క వాక్యం బలం. చట్టం లేకుండా తీసుకున్న పన్ను తిరిగి కూడా ఇవ్వాలి, కాకపోతే ఒక మెలిక ఉంది, ఆ పన్ను భారం నువ్వు అప్పటికే రేటులో కలిపేసి కస్టమర్ దగ్గర రాబట్టుకుంటే రీఫండ్ నీకు రాదు, 1996లో మఫత్‌లాల్ కేసులో తొమ్మిది మంది జడ్జీలు కూర్చుని ఇది తేల్చారు.

ఈ వాక్యం విలువ మన డెల్టా వాళ్ళకి ఇంకాస్త ఎక్కువ తెలియాలి. మా ఇంట్లో పాత ట్రంకు పెట్టెలో తాతగారి నాటి శిస్తు రసీదులు ఉన్నాయి, పురికొసతో కట్టి, ఫసలీ 1370ల నాటివి, అంటే 1960లవి అన్నమాట, ఫసలీకి 590 కలిపితే మన మామూలు సంవత్సరం వస్తుంది. అంతకన్నా వెనక్కి తెల్లదొరల కాలానికి వెళ్తే, 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు పారి భూములు తరి, అంటే నీటి సాగు భూములు అయ్యాక, ఆ భూముల మట్టిని బట్టి తరాలు (తరగతులు) కట్టి, ఎకరానికి ఇంత అని శిస్తు వేశారు. దాన్ని సెటిల్‌మెంట్ అనేవాళ్ళు, ముప్పై ఏళ్ళకోసారి రీసెటిల్‌మెంట్ పేరుతో పెంచేవాళ్ళు. ఆ పెంపు ఎవరు నిర్ణయించేవారు? రెవెన్యూ బోర్డు, ప్రభుత్వం. చట్టసభలో ఓటు లేదు. రైతు పంట ఎండినా మునిగినా పెద్ద ఆఫీసులో సంతకం పడితే శిస్తు పెరిగినట్టే. 265 వచ్చాక ఆ సంతకానికి విలువ పోయింది, ముందు చట్టం కావాలి.

ఇది మన దేశం గొడవ ఒక్కటే కాదు. 2025లో అమెరికా మన సరుకు మీద 50 శాతం టారిఫ్ వేస్తే భీమవరం వైపు రొయ్య రైతులు ఎంత అల్లాడిపోయారో చూశాం కదా, అక్కడా కోర్టుల్లో నడిచింది ఇదే ప్రశ్న. పన్ను వేసే అధికారం వాళ్ళ రాజ్యాంగంలో కాంగ్రెస్‌ది, మరి ప్రెసిడెంటు ఒక పాత అత్యవసర చట్టం పట్టుకుని తనంతట తాను టారిఫ్ వెయ్యొచ్చా అని. ఆ ఏడాది మేలో అంతర్జాతీయ వాణిజ్య కోర్టు, ఆగస్టులో అప్పీలు కోర్టు, ఆ చట్టం ఆ అధికారం ఇవ్వదనే అన్నాయి. పన్ను ఎవరు వెయ్యాలి అనే మాట ఎంత దూరం వస్తుందో చూడండి, మన చెరువు గట్టు దాకా వచ్చింది.

సరే, చట్టం ఉంది, చాలా? చాలదు. ఆ చట్టం చేసిన సభకి ఆ పన్ను మీద హక్కు ఉండాలి, ఇది రెండో కట్టు. ఏడో షెడ్యూల్లో కేంద్రానికో జాబితా, రాష్ట్రానికో జాబితా. వ్యవసాయ ఆదాయం మీద పన్ను రాష్ట్ర జాబితాలో 46వ అంశం, మిగతా ఆదాయం మీద పన్ను కేంద్ర జాబితాలో 82. అందుకే వరి మీద వచ్చిన డబ్బుకి ఢిల్లీ వాళ్ళు ఇన్‌కమ్ ట్యాక్స్ వెయ్యలేరు. కానీ తమాషా ఏంటంటే వ్యవసాయ ఆదాయం అంటే ఏంటో నిర్వచించే పని మాత్రం ఆర్టికల్ 366 కేంద్రం చేసిన ఆదాయ పన్ను చట్టానికే వదిలేసింది. ఆ నిర్వచనం ప్రకారం వరి, కొబ్బరి, అరటి వ్యవసాయం, చేపలు రొయ్యల పెంపకం కాదు. కాబట్టి ఒకే గట్టుకి ఇటు వరిచేను, అటు రొయ్యల చెరువు, రెండిటికీ నీళ్ళు ఒకే బోదెలోంచి (చిన్న కాలవలోంచి), ఇటు ఆదాయానికి ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, అటు ఉంది. నీటి తీరువా దగ్గరికొస్తే అది రాష్ట్రం చేసిన 1988 చట్టం, పెద్ద కాలవల కింద సార్వాకి (మొదటి పంటకి) ఎకరానికి 200, దాళ్వాకి (రెండో పంటకి) 150, చెరువుకి 500. ఒకే నీళ్ళు, రెండు ప్రభుత్వాలు, మూడు లెక్కలు.

ఆ జాబితాల గోడ అంత గట్టిదేం కాదులే అని చెప్పే కేసు కూడా ఉంది. 1969లో కేంద్రం సంపద పన్నులోకి వ్యవసాయ భూమి విలువని కూడా లాగింది, ఆదాయం మీద కాదుగా, మొత్తం ఆస్తి విలువ మీద కదా అని. హర్‌భజన్ సింగ్ ధిల్లాన్ కేసులో 1971లో సుప్రీంకోర్టు నలుగురు ముగ్గురుగా చీలిపోయి, ఏ జాబితాలోనూ లేనిది కేంద్రానికి చెందుతుంది కాబట్టి చెల్లుతుంది అంది. తర్వాత ఆ సంపద పన్నునే 2015లో పూర్తిగా ఎత్తేశారు, వారసత్వపు ఆస్తి మీద వేసే ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది. అంటే సంపద మీద పన్ను వెయ్యడానికి రాజ్యాంగం అడ్డం లేదు, వద్దనుకుంది ప్రభుత్వాలే, ఈ రెండూ కలిపేసి మాట్లాడకూడదు.

మూడో కట్టు నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, సమానత్వం, ఆర్టికల్ 14. పన్నులో సమానత్వం అంటే అందరికీ ఒకే రేటు అనుకుంటాం కదా, కోర్టు చాలాసార్లు చెప్పింది దానికి పూర్తి తిరగబడ్డ మాట. కేరళలో ఎకరానికి 2 రూపాయలు అని భూమి పన్ను వేశారు, ఏ భూమైనా సరే, అడవైనా సరే. మూపిల్ నాయర్ అనే ఆయనకి మలబార్‌లో వేల ఎకరాల అడవి, దాని మీద ఏడాదికి వచ్చేది మూడు వేల చిల్లర, పన్ను యాభై వేల పైన. 1960 డిసెంబర్లో సుప్రీంకోర్టు ఆ చట్టం కొట్టేసింది. పండే భూమినీ పండని భూమినీ ఒకే గాటన కట్టడమే అసమానత అంది. పైగా పన్ను ఎంతో తేల్చేటప్పుడు నోటీసు ఇచ్చి నీ మాట వినే పద్ధతి కూడా ఆ చట్టంలో లేదు.

ఆ తర్వాత వచ్చింది మన కేసే. 1962లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శిస్తు పెంచుతూ అదనపు అసెస్‌మెంట్ చట్టం తెచ్చింది. మెట్టకి పాత శిస్తు మీద ఇంకో 75 శాతం, అంతా కలిపి ఎకరానికి కనీసం 50 పైసలు తగ్గకూడదు. తరికి ఇంకో లెక్క, ఆ భూమికి నీళ్ళిచ్చే కాలవో చెరువో ఎంత పెద్దదో, దాని కింద ఎన్ని వేల ఎకరాల ఆయకట్టు ఉందో చూసి, దాన్ని బట్టి కనీస రేటు. పైకి బాగానే ఉంది, పెద్ద కాలవ అయితే నీళ్ళు బాగా వస్తాయి, ఎక్కువ కట్టొచ్చు అని. కానీ కాలవ కింద సేద్యం చేసిన ఎవర్నడిగినా చెప్తారు, లాకు దగ్గరి చేనుకీ శివారు చేనుకీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. ఎగువ వాడు మడి నిండా పెట్టుకుని బోదెలోకి వదిలేసరికి, శివారు వాడికి నాట్లు దాటిపోతాయి, ఇంజను పెట్టి తోడుకోవాలి, సముద్రం వైపు అయితే ఉప్పు తన్నేస్తుంది. ఆయకట్టు లక్ష ఎకరాలైతే ఆ శివారు మడికి ఒరిగేదేంటి? ఎన్నో ఏళ్ళుగా మట్టి తవ్వి చూసి కట్టిన తరాలు పక్కన పెట్టేసి, కాలవ సైజు చూసి పన్ను వేస్తే అది భూమి పంటకి సంబంధం లేని లెక్క. హైకోర్టు కొట్టేసింది, ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్తే 1967లో అక్కడా కొట్టేశారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ నల్లా రాజారెడ్డి అని కేసు పేరు. భూసారంతో సంబంధం లేని వర్గీకరణ, దానికి తోడు అధికారి ఎలా లెక్క కట్టాలో, రైతు అభ్యంతరం ఎక్కడ చెప్పుకోవాలో ఏమీ రాయకుండా అంతా వాళ్ళ చేతికి వదిలేశారు, అందుకని పోయింది.

ఆ తీర్పు రాసింది చీఫ్ జస్టిస్ కోకా సుబ్బారావు గారు. రాజమండ్రిలో పుట్టిన మనిషి. తరి, మెట్ట, ఆయకట్టు అనే మాటలు ఆయనకి ఎవరూ అర్థం చెప్పక్కర్లేదు కదా అనిపిస్తుంది నాకు ఆ తీర్పు చదువుతుంటే. ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు తగ్గించకూడదన్న గోలక్‌నాథ్ తీర్పు కూడా అదే ఏడాది ఆయనదే కాబట్టి అందరూ దాని గురించే మాట్లాడతారు గానీ, గోదావరి జిల్లాల రైతుకి నేరుగా తగిలింది ఈ శిస్తు కేసే. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోవాలి, శిస్తు పెంచకూడదని కోర్టు అనలేదు. ఎక్కువ పండే వాడి దగ్గర ఎక్కువ తీసుకోకూడదనీ అనలేదు. తేడా చూపించాల్సిన చోట చూపించండి, అడిగే దారి పెట్టండి అంది. ఎక్కువ ఆదాయం ఉన్నవాడికి ఎక్కువ రేటు వెయ్యడం మన రాజ్యాంగంలో సమానత్వానికి విరుద్ధం కాదు, అందులో భాగమే.

ఫీజుల సంగతి క్లుప్తంగా చెప్పేస్తా. పన్నుకి బదులుగా నీకు ఫలానా సేవ అందాలన్న రూలు లేదు, ఫీజుకి మాత్రం సేవతో ఎంతో కొంత లంకె ఉండాలి. ధాన్యం మీద మార్కెట్ కమిటీలు తీసుకునే సెస్సుని వందకి అర్ధ రూపాయి నుంచి రూపాయికి పెంచినప్పుడు మన రాష్ట్రం వ్యాపారులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు, శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసు, 1983, కట్టిన ప్రతి పైసాకీ తూకం వేసినట్టు సేవ చూపించక్కర్లేదు, మొత్తమ్మీద లంకె ఉంటే చాలంది కోర్టు. యార్డులో షెడ్డు కారుతుంటే ధాన్యం మీద పరదా కప్పుకుని కూర్చున్న రైతుకి ఆ "మొత్తమ్మీద" అనే మాట రుచించదు, నాకూ రుచించలేదు, కానీ చట్టం అదే.

ఇంతవరకూ తీసుకునే చెయ్యి. ఇప్పుడు డబ్బు లోపలికొచ్చింది.

వచ్చిన ప్రతి పన్ను రూపాయీ ఆర్టికల్ 266 ప్రకారం సంచిత నిధిలో, అంటే ప్రభుత్వ ఖజానాలో పడాలి. ధవళేశ్వరం దగ్గర నది అంతా ఒకచోట నిలిచి, అక్కణ్ణించి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి హెడ్ స్లూయిజు గేట్లెత్తితేనే నీళ్ళు దిగినట్టు, ఈ నిధిలోంచి చట్టం అనే గేటు ఎత్తితేనే డబ్బు బయటికొస్తుంది. బడ్జెట్ పెడతారు, పద్దుల మీద ఓటింగ్, ఆ తర్వాత ద్రవ్య వినిమయ బిల్లు, అది పాసైతేనే ట్రెజరీ చెల్లిస్తుంది. లెక్క దాటి ఖర్చు పెట్టేస్తే మళ్ళీ సభకి వచ్చి ఆమోదం తీసుకోవాలి. చివర్లో కాగ్, అంటే ప్రభుత్వ లెక్కలు చూసే ఆడిటర్ జనరల్, ఆడిట్ చేసి ఆ రిపోర్టు సభలో పెట్టించాలి. పద్ధతి వరకూ చాలా పక్కాగా ఉంది.

కానీ దేని మీద ఖర్చు పెట్టాలి అన్నదగ్గరికొస్తే? ఆర్టికల్ 282 ఏమంటుందంటే, ప్రజా ప్రయోజనం ఏదైనా సరే కేంద్రం గానీ రాష్ట్రం గానీ డబ్బు ఇవ్వొచ్చు, ఆ విషయం తన జాబితాలో లేకపోయినా సరే. అంటే పన్ను వేసేటప్పుడు అంత కచ్చితంగా కాపలా కాసిన జాబితాల గోడ ఖర్చు దగ్గర లేదు. ఎంపీ నిధుల మీద భీమ్ సింగ్ కేసు వేస్తే 2010లో అయిదుగురు జడ్జీలు, ద్రవ్య వినిమయ చట్టం ఉంటే చాలు, ప్రతి స్కీముకీ వేరే చట్టం అక్కర్లేదన్నారు. తమిళనాడులో కలర్ టీవీలు, మిక్సీలు, గ్రైండర్లు ఉచితంగా ఇస్తే సుబ్రమణ్యం బాలాజీ కేసు నడిచింది, 2013లో తీర్పు, మేనిఫెస్టోలో అలాంటి హామీ ఇవ్వడం ఎన్నికల చట్టం ప్రకారం అవినీతి కిందకి రాదు, సభ ఆమోదించిన ఖర్చు మంచిదా చెడ్డదా అని తూచడం మా పని కాదు అన్నారు. మేనిఫెస్టోలకి మార్గదర్శకాలు తయారు చెయ్యమని మాత్రం ఎన్నికల సంఘానికి చెప్పారు. 2022లో ఈ విషయం ముగ్గురు జడ్జీల బెంచ్‌కి మళ్ళీ పంపారు. అంచేత "ఉచితాలు రాజ్యాంగ విరుద్ధం" అని గట్టిగా చెప్పే వాళ్ళకి ఇప్పటిదాకా ఉన్న తీర్పుల్లో ఆధారం లేదు. నచ్చకపోవడం వేరే సంగతి, అది ఓటు దగ్గర తేల్చుకోవాల్సింది.

ఖర్చుకి నేరుగా వేసిన కట్టు ఒక్కటి కనిపిస్తుంది నాకు, ఆర్టికల్ 27. ఫలానా మతాన్ని ప్రోత్సహించడానికే ప్రత్యేకించిన పన్ను కట్టమని ఎవర్నీ బలవంతం చెయ్యకూడదు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి కదా, ఘాట్లకి, రోడ్లకి ఖర్చు పెడతారు, ఇది 27కి తగలదా అని మా మేనల్లుడే అడిగాడు. తగలదనే నా ఉద్దేశం. తీర్థయాత్రలు రాష్ట్ర జాబితాలో ఏడో అంశంగా రాసే ఉంది, లక్షల జనం ఒక రేవులో దిగుతుంటే మెట్లు, మంచినీళ్ళు, బందోబస్తు చూడటం ప్రభుత్వం బాధ్యత. హజ్ సబ్సిడీ మీద ప్రఫుల్ గోరాడియా కేసులో 2011లో కోర్టు కూడా, వసూలైన పన్నులో పెద్ద భాగం ఒక మతానికి పోతే తప్పు, కొద్దిపాటి ఖర్చు తప్పు కాదు అంది. ఒకే కొలబద్ద ఇద్దరికీ. నీ వాళ్ళ ఖర్చు వచ్చినప్పుడు ఒకటి, పక్కవాళ్ళది వచ్చినప్పుడు ఇంకొకటి అంటే కుదరదు.

ఇంకో కట్టు పక్కదారిన వస్తుంది, అప్పు. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు చెయ్యాలంటే ఆర్టికల్ 293 ప్రకారం కేంద్రం అనుమతి కావాలి, అన్ని రాష్ట్రాలూ ఈ దారిలోనే అనుమతులు తీసుకుంటున్నాయి. దీని మీద కేరళ సుప్రీంకోర్టుకి వెళ్తే 2024 ఏప్రిల్లో రాజ్యాంగ ధర్మాసనానికి పంపారు. నిజం చెప్పాలంటే ఈ రోజున రాష్ట్రం పథకాలకి అసలు బ్రేకు వేసేది కోర్టు కాదు, ఈ అప్పు పరిమితే.

ఇప్పుడు అసలు మంట పుట్టే చోటు. ఉన్నవాడి దగ్గర తీసుకుని లేనివాడికి ఇవ్వొచ్చా? దీనికి జవాబు మన భూముల్లోనే రాసి ఉంది. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది, పిఠాపురం లాంటి జమీందారీలు పోయాయి. బీహార్ వాళ్ళు ఇలాంటి చట్టమే చేసి, నష్టపరిహారంలో చిన్న జమీందారుకి ఆదాయానికి 20 రెట్లు, బాగా పెద్ద వాడికి 3 రెట్లే ఇస్తాం అన్నారు. పాట్నా హైకోర్టు 1951లో ఇది సమానత్వానికి విరుద్ధమని కొట్టేసింది. వెంటనే అదే ఏడాది జూన్‌లో మొదటి రాజ్యాంగ సవరణ వచ్చింది, ఆర్టికల్ 31ఏ, 31బీ, తొమ్మిదో షెడ్యూల్, అందులో పెట్టిన చట్టాన్ని ప్రాథమిక హక్కుల పేరుతో కొట్టెయ్యకూడదని. మొదట పెట్టిన 13 చట్టాల్లో మన మద్రాసు ఎస్టేట్ల చట్టం ఉంది. 1973 నాటి మన భూ సంస్కరణల చట్టాన్ని కూడా తర్వాత అందులోనే చేర్చారు, అయిదుగురు ఉన్న కుటుంబానికి తరి అయితే తరగతిని బట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54, అంతకి మించింది ప్రభుత్వానికి. బినామీలు రాసుకుని, లేని పాలేర్ల పేర్ల మీద పెట్టి ఎంత జారిపోయిందో పెద్దవాళ్ళందరికీ తెలుసు. అయినా కూడా కొన్ని ఊళ్ళలో పట్టా పుస్తకం మొదటిసారి చేతికొచ్చిన కుటుంబాలు ఉన్నాయి, దాన్ని చిన్న సంగతిగా తీసెయ్యడం నాకు చాతకాదు.

ఇక్కడే చాలామందికి తెలియని కట్టు ఒకటుంది. 1964లో 17వ సవరణ 31ఏలో ఒక షరతు చేర్చింది, సీలింగ్ లోపల ఉండి నువ్వు సొంతంగా సేద్యం చేసుకునే భూమిని భూ సంస్కరణల పేరుతో తీసుకోవాలంటే మార్కెట్ రేటుకి తగ్గకుండా ఇవ్వాల్సిందే. అంటే పెద్ద కమతం దగ్గర ప్రభుత్వానికి అంత చనువిచ్చిన రాజ్యాంగం, చిన్న రైతు అయిదెకరాల దగ్గర గీత గీసింది. ఆస్తి హక్కు 1978లో 44వ సవరణతో ప్రాథమిక హక్కుల్లోంచి తీసేశారు కదా అంటారు, నిజమే, కానీ ఆర్టికల్ 300ఏ మిగిలింది, చట్టం లేకుండా ఎవరి ఆస్తీ లాక్కోకూడదు. తొమ్మిదో షెడ్యూల్ తలుపు కూడా ఇప్పుడు పూర్తిగా మూసి లేదు, పార్లమెంటు సవరణలకీ హద్దుందని చెప్పిన కేశవానంద భారతి తీర్పు వచ్చిన 1973 ఏప్రిల్ 24 తర్వాత అందులో చేర్చినవాటిని రాజ్యాంగ మౌలిక స్వరూపం దెబ్బతింటుందేమో చూసి కొట్టెయ్యొచ్చని 2007లో కొయెలో కేసులో చెప్పారు.

చివరికి 2024 నవంబర్ 5. ముంబైలో పాత అద్దె భవనాల గొడవ, 1992 నుంచి నానుతూ నానుతూ తొమ్మిది మంది జడ్జీల దగ్గరికి వచ్చింది. ఆదేశిక సూత్రాల్లో 39బీ ఉంది కదా, సమాజపు భౌతిక వనరులు అందరి మేలుకోసం పంచాలని, మరి నీ ఇల్లు, నీ చేను, నీ మిల్లు కూడా సమాజపు వనరేనా? 1977లో జస్టిస్ కృష్ణయ్యర్ అంతా వస్తుందన్నారు. ఇప్పుడు ఎక్కువమంది జడ్జీలు, అన్ని ప్రైవేట్ ఆస్తులూ రావు, కొన్ని రావచ్చు అన్నారు. ఆ వనరు ఎలాంటిది, సమాజం మీద దాని ప్రభావం ఎంత, ఎంత అరుదైనది, కొందరి చేతిలోనే పోగుపడితే ఏమవుతుంది, ఇవి చూసి తేల్చాలి. నాకైతే ఇది సబబుగానే తోస్తుంది. అయిదు సెంట్ల కొబ్బరి దొడ్డినీ సముద్రం కింది గ్యాస్ నిక్షేపాన్నీ ఒకే మాటతో కొలవడం మొదట్నుంచీ తప్పే. ఆ గ్యాస్ సంగతి వేరే రాసే ఉంది, ఆర్టికల్ 297 ప్రకారం సముద్రంలోది కేంద్రానిది, మన తీరానికి ఎదురుగానే ఉన్నా సరే.

టీ కొట్టు దగ్గరి పెద్దాయన మాటకొద్దాం, "నా పన్ను డబ్బు". సంచిత నిధిలో పడ్డాక అది ఎవరి రూపాయో విడదీసే లెక్క రాజ్యాంగంలో లేదు. ఒకటో తారీఖు పొద్దున్నే 4000 పెన్షన్ తీసుకునే మా వీధి చివరి అవ్వ కూడా పన్ను కడుతోంది, మనవడి ఫోన్ రీఛార్జికి 18 శాతం జీఎస్టీ ఆవిడ పెన్షన్‌లోంచే. ఆవిడ దాన్ని పన్ను అనదు, రేటు పెరిగింది అంటుంది.

ఇది రాస్తుంటే మేనల్లుడు మళ్ళీ అడిగాడు, ఖర్చు చేతికి అంత వదులుగా కడితే మరి చూసేవాళ్ళెవరు అని. సభలో చూడాలిరా, ఎమ్మెల్యేలు పద్దుల మీద మాట్లాడాలి, కానీ సగం పద్దులు చర్చ లేకుండానే గిలటిన్ అని చెప్పి ఒక్కసారే పాస్ చేసేస్తారు. పన్ను దగ్గర కోర్టుకి పని పెట్టి, ఖర్చు దగ్గర మన ప్రతినిధులకి పని పెట్టారు, వాళ్ళు ఆ పని చెయ్యకపోతే ఆ జాగాలో నిలబడేవాడు రాజ్యాంగంలో ఎవరూ లేరు. నాకు ఇందులో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

మన ఊరి మట్టుకు ఒక చోటుంది. పంచాయతీ రాజ్ చట్టం ప్రకారం ఏటా లెక్కలు, ఆడిట్ రిపోర్టు గ్రామసభ ముందు పెట్టాలి. పోయినసారి వెళ్ళా. రావిచెట్టు కింద షామియానా, ఇరవై కుర్చీలు, జనం పన్నెండు మంది, అందులో ఆరుగురు మైకు వాళ్ళూ స్టాఫూ. ఆడిట్ రిపోర్టు చూడొచ్చా అండి అని అడిగితే పంచాయతీ సెక్రటరీ ఒక్క క్షణం ఆగి, బీరువా తాళం తెప్పించి, అట్ట ఊడిపోయిన ఫైలు తీసిచ్చారు. వీధి దీపాల బిల్లు పేజీ చూస్తుంటే పక్కన కూర్చున్న డ్వాక్రా సంఘం ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నా వైపు వంగింది, "మా వీధిలో రెండు నెలల్నించి వెలగట్లేదండి, అందులో కొన్నట్టుందా?" అని. ఉంది. ఎనిమిది బల్బులు, తేదీతో సహా.